తొమ్మిదొందల గది

రాజ్‌విహార్ కాడ ఆటో దిగేసరికి
మూడు టాకీసుల మ్యాట్నీ ఒక్కసారే ఇడిచినారు.
రోడ్డు నిండా జనం, వేయించిన శనక్కాయల వాసన,
ఎవరి హారన్ వాళ్లది.
ఒక చేత ట్రంకుపెట్టె, ఒక చేత గజ్జెల సంచి,
మూసిన పాన్ డబ్బా పక్కన నిలబడి
లాడ్జీల బోర్డులు చదువుతా ఉన్నా.

ఇరవై రెండేండ్లుగా
నేను పడుకునే గది నేనెప్పుడూ ఎంచుకోలేదు.
కాంట్రాక్టరు చూపించిన చోటే చాప పరిచినా.
బడి వరండా, రైస్‌మిల్లు గోడౌను,
ఒకసారి ఆదోనిలో పత్తి బేళ్ల నడుమ.
పొద్దున లేస్తే జడ నిండా దూది.
"రాణికి అప్పుడే తల నెరిసింది" అని
హార్మోనియం మస్తానప్ప ఒకటే నవ్వు.

ఈసారి పరిషత్తోళ్లు గది ఖర్చు చేతికే ఇచ్చినారు,
కవర్లో వెయ్యి రూపాయలు.
"నీకు నచ్చిన కాడ దిగమ్మా" అన్నారు.
నచ్చడమంటే ఏమో
కొంచేపు ఆలోచించుకోవాల్సి వచ్చింది.

మొదటి లాడ్జి నాలుగొందలు.
కౌంటరు మీద వక్కపొడి మరకలు.
"వెంట ఎవరున్నారు?"
"ఎవరూ లేరు."
"ఒంటి ఆడోళ్లకు ఇయ్యం."
అతని వెనక క్యాలెండర్లో అమ్మవారు,
పులి మీద, ఒక్కతే.

రెండోదానికి అద్దాల లిఫ్టు.
రెండువేల నాలుగొందలు, పన్ను వేరే.
ఏసీ చలికి గొంతు పట్టేస్తదని చెప్పి బయటికొచ్చినా.
డబ్బు సంగతి ఎత్తలేదు.

మూడోది టాకీసు వెనక గోడకు ఆనుకొని ఉంది.
కింద ఉగ్గాని బజ్జీల హోటలు, పైన పద్నాలుగు గదులు.
కౌంటర్లో కాశింబీ
చిల్లర లెక్కపెడతా, తలెత్తకుండానే చెప్పింది.
"తొమ్మిదొందలు. వేన్నీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకే.
సెకండ్ షో ఇడిచేదాకా చప్పుడుంటది,
ముందే చెప్తున్నా."

ముందే చెప్పేవాళ్లు
నాకు తక్కువ మందే తగిలినారు.

గదిలో మొదట గడియ చూసినా.
వేసి, తీసి, మళ్లా వేసి, భుజంతో తోసి చూసినా.
పాత ఇనుము. కదల్లేదు.
ఎమ్మిగనూరులో ఒక రాత్రి
వదులు గడియకు జడ రిబ్బను కట్టి
తెల్లార్లూ ఆ ముడినే చూస్తా కూర్చున్నా.
ఆ కత ఇప్పుడొద్దు.

తర్వాత ఫ్యాను.
అందరూ గాలి చూస్తారు, నేను శ్రుతి చూస్తా.
రెండులో మూలిగింది, నాలుగులో కీచుమన్నది.
మూడులో మాత్రం నిలకడగా
ఐదున్నరకు వెంట్రుకవాసి తక్కువ.
ఆ వెంట్రుక నేను సర్దుకుంటా.

అద్దం అంచున ఎవరెవరివో స్టిక్కరు బొట్లు.
ఒకటి కుంకుమరంగు, ఒకటి నల్లది పాముపడగ,
మిగతావి వెలిసిపోయినాయి.
కాశింబీ గీకి పారెయ్యలేదు.
నేనూ గీకలేదు.

రిజిస్టర్లో 'భర్త లేక తండ్రి పేరు' అని ఒక గడి.
పెన్ను ఆగింది.
"గీత కొట్టు చాలు" అన్నది ఆమె,
"సగం పేజీ గీతలే."

మిగిలిన వందలో ఉగ్గాని, రెండు బజ్జీలు, ఒక చాయ్.
చిల్లర కొంగున కట్టుకున్నా.

రాత్రి గోడ అవతల సినిమా.
మాట తెలియదు, దెబ్బలు తెలుస్తాయి.
మంచం కోళ్లు అదిరినాయి.
అంతమంది ఒక్కసారే నవ్వితే
నా స్టీలు గ్లాసులో నీళ్లు వణికినాయి.
రేపు నా ఎదుట నూటయాభై కుర్చీలు,
ముందు రెండు వరసలు సన్మానాల కోసం వచ్చినోళ్లవి.

ఇంటర్వెల్లో సద్దు తగ్గింది.
ఫ్యానును పట్టుకొని మెల్లగా రాగం తీసినా.
రాజ్యం పోయిన రాణి పద్యం,
రెండో పాదం దాకా వచ్చినానో లేదో
పక్క గదిలోంచి గోడ మీద
టక్, టక్.

ఆపమనో, మళ్లా అనమనో.

గడియ వంక ఒకసారి చూసి
మొదటి పాదం నుంచి అందుకున్నా.